వంక అని రాయాలా, కాలువ అని రాయాలా

మంత్రాలయంలో తుంగభద్రను చూడటానికి ఏటా లక్షల మంది వస్తారు. ఆ తుంగభద్రలోకి నీళ్లు మోసుకొచ్చే వంకల్ని చూడటానికి ఎవరూ రారు. అలాంటి వంక ఒకటి మా ఎరుకల కాలనీని ఆనుకుని పోతుంది. కాగితాల్లో దానికి పేరు లేదు. మా ముసలోళ్లు ఈతల వంక అంటారు. చుట్టూ ఉన్న రైతులు ఉత్త వంక అంటారు. పంచాయతీ అంచనాల్లో అది మురుగు కాలువ. దాని పక్క పొలాన్ని ప్లాట్లు వేయడానికి కొన్నవాళ్ల పటంలో అది డ్రెయిన్. గుంత ఒకటే, పిలిచే మాటలు నాలుగు.

"ఏ మాట రాసుకుంటే ఏముంది సార్, నీళ్లు పోతే చాలు కదా" అని మా బడి పిల్లవాడు ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. మాటను బట్టే నీళ్లు పోతాయా లేదా అన్నది తేలుతుందని వాడికి చెప్పడానికి మాకు ఒక వారం పాఠాలు పట్టింది. ఈ వ్యాసం ఆ పాఠాల సారమే అనుకోండి. మన తండాల్లో, గూడేల్లో, కాలనీల్లో చాలావాటికి పక్కన ఇట్లాంటి వంక ఒకటి ఉంటుంది. ఊరికి పనికిరాని జాగా అని మనకు చూపించిందే అక్కడ. కాబట్టి తోటి టీచర్లకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుంది.

ప్లాట్ల వాళ్లు అడిగింది చిన్న కోరికలాగే కనిపిస్తుంది. వంక వంకర తీసేసి, పొలం అంచున నేరుగా సిమెంటు తూములు వేసి, పైన మట్టి కప్పి రోడ్డు పోస్తారు. నీళ్లు తూముల్లో పోతాయి. దోమలుండవు, వాసన ఉండదు, కాలనీకి మంచి దారి కూడా వస్తుంది. మాలో కొందరికి ఈ మాట నచ్చింది. నచ్చడం తప్పు కాదు. ఆ వాసన పీలుస్తూ అన్నం తినేది మేమే కదా.

అది నిజంగా మురుక్కాలువే అయితే వాళ్లు అడిగినట్టు చేయొచ్చు. వంక అయితే కుదరదు. దాని పడక ప్రభుత్వ భూమి, పూడ్చకూడదు, కట్టడం కట్టేటప్పుడు గట్టు నుంచి జాగా వదలాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల జీవో 168 ఈ జాగాకు కొలత చెప్పింది. కాలువ, వాగు, నాలా, వాన నీటి కాలువ ఏదైనా సరే, వెడల్పు 10 మీటర్లు దాటితే గట్టు నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల లోపుంటే 2 మీటర్లు చాలు. అంటే ఒక అడుగు అటూ ఇటూ కొలిస్తే ఏడు మీటర్ల నేల చేతులు మారుతుంది. ప్లాట్ల భాషలో ఏడు మీటర్లంటే వంక పొడుగునా ఒక వరస ఇళ్లు.

మా వంక సంగతి చెప్పాలి. కర్నూలు జిల్లాకు ఏడాదికి పడే వాన సుమారు 670 మిల్లీమీటర్లు. అది కూడా అన్ని నెలలకూ పంచినట్టు పడదు. నాలుగు పెద్ద వానలు పడితే ఏడాది వాన అయిపోయినట్టే. నల్లరేగడి నేల తడిసి ఉబ్బితే ఇంక నీళ్లు తాగదు, పైనుంచే జారిపోతాయి. వంక అప్పుడు పారుతుంది. పొద్దున వాన పడితే మధ్యాహ్నానికి మోకాటి లోతు, కొన్నిసార్లు నడుం లోతు. మర్నాటికి ఇసుక మీద సన్నటి ధార. మూడో నాటికి చెలమ తీస్తే తప్ప నీళ్లు కనపడవు. అట్లా ఏడాదిలో పది పదిహేను రోజులు పారితే ఎక్కువ. మిగతా రోజుల్లో దాని దిగువ సగంలో ఇళ్ల నుంచి, లాడ్జీల నుంచి వచ్చే వాడుక నీళ్లు నల్లగా నిలబడి ఉంటాయి. పైసగం ఎండిపోయి, మేకలు తిరుగుతూ ఉంటుంది.

దీన్ని చూసిన కొత్తవాళ్లు మురుక్కాలువ అనుకోవడంలో వింతేం లేదు. కానీ అందులో ఏం కలుస్తుందో చూసి అది ఏమిటో చెప్పడం సరైన పద్ధతి కాదు. తుంగభద్రలోనూ ఊళ్ల మురుగు కలుస్తుంది. ఆమెను మురుక్కాలువ అనే ధైర్యం ఎవరికీ లేదు. పుణ్యస్నానాలు చేసే నదికి ఒక న్యాయం, ఈత చెట్ల వంకకు ఒక న్యాయం.

మన సీమలో నీళ్ల దారులకు మాటలు తక్కువేం కాదు. పెద్దది ఏరు. దానికంటే చిన్నది వాగు. ఇంకా చిన్నది, వానకు మాత్రమే పారేది వంక. ఈ మూడూ తమంతట తాము పడిన దారులు. మనిషి గడ్డపారతో తవ్వింది కాలువ. చెరువు నిండి పొర్లిపోయే చోటు మరువ. చదువు రాని మా అవ్వలకు ఈ తేడాలు నోటికి వచ్చు. "ఇది కాలవ యాడయితాది నాయనా? దీన్ని ఎవురు తవ్విరి? ఎవురికి కూలిచ్చిరి?" అని మా కాలనీ పెద్దవ్వ అడిగింది. ఆమె అడిగిన ప్రశ్నే చట్టం కూడా అడుగుతుందని తెలిసి మేము ఆశ్చర్యపోయాం.

1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. సహజ ప్రవాహం అంటే ఏమిటో అందులో చెప్పారు. ఏడాది పొడుగునా పారినా, విడిచి విడిచి పారినా, నేల మీద పారినా, నేల కింద పారినా, కేవలం ప్రకృతి వల్ల, సహజమైన, అందరికీ తెలిసిన దారిలో పారేది సహజ ప్రవాహం. ఆ చట్టం మొదట అమల్లోకి వచ్చిన ప్రాంతాల్లో మద్రాసు రాష్ట్రం ఒకటి. దత్త మండలాలైన మన బళ్లారి, కర్నూలు, కడప అప్పుడు అందులోనివే. అంటే విడిచి విడిచి పారే వంకను చట్టం గుర్తించి 140 ఏళ్లు దాటింది. పొరుగు పొలాల వాళ్ల హక్కుల కోసం రాసిన చట్టం అది, వంకల్ని కాపాడటానికి రాసింది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఏది వాగు, ఏది కాదు అని కొలవడానికి కొలబద్ద కావాలంటే అంతకంటే తేటయింది మాకు దొరకలేదు.

ఎవరిది అన్న ప్రశ్నకు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం జవాబు చెప్తుంది. నదులు, వాగులు, నాలాలు, చెరువుల పడకలు, కాలువలు, నీటి దారులు, నిలిచిన నీరు, పారే నీరు అన్నీ ప్రభుత్వానివే అంటుంది రెండో సెక్షన్. వాగు అన్నా కాలువ అన్నా ఇక్కడ తేడా లేదు. ఇంతవరకూ బాగుంది. అయితే అదే సెక్షన్‌లో జమీందారుల, ఇనాందారుల, రైత్వారీ పట్టాదారుల ఆస్తి అయినంత మేరకు తప్ప అని మినహాయింపు ఒకటి ఉంది. కొర్రు ఇక్కడే గుచ్చుకుంటుంది. పెద్ద వాగులకు సర్వే నంబరు వేరుగా ఉంటుంది, ఆర్.ఎస్.ఆర్.లో వాగు పోరంబోకు అనో వంక పోరంబోకు అనో రాసి ఉంటుంది. చిన్న వంక పట్టా పొలంలోంచి పోతే దానికి వేరే నంబరు ఉండకపోవచ్చు. అప్పుడు పట్టాదారు "నా పొలంలో గుంత, నేను పూడ్చుకుంటే నీకేం?" అంటాడు.

మా వంక ఎఫ్.ఎం.బి. నకలు తీయించాం. మూడు సర్వే నంబర్లలో దాన్ని జంట గీతతో స్పష్టంగా చూపించారు. నాలుగో నంబరు సరిహద్దు దగ్గర ఆ గీత ఆగిపోయింది. ఆ నాలుగో నంబరు పట్టా భూమి. మళ్లీ రోడ్డు దాటాక జంట గీత మొదలవుతుంది. నడుమ సుమారు 140 మీటర్లు పటంలో వంక లేదు. ఇప్పుడు ప్లాట్లు వేయాలంటున్నది సరిగ్గా ఆ నంబరులోనే. నీళ్లు పైనుంచి వచ్చి ఆ గట్టు దగ్గర మాయమై, మళ్లీ రోడ్డు కింద పుట్టవు కదా అని ఆరో తరగతి పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు నవ్వలేదు. ఆఫీసులో పటమే మాట్లాడుతుందని వాళ్లకు తెలుసు.

పటం మాట్లాడనిచోట నేల చేత మాట్లాడించాలి. దానికి మేము పిల్లల్ని తీసుకుని వంక పుట్టిన గుట్ట వాలు నుంచి ఏట్లో కలిసేదాకా రెండు ఆదివారాలు నడిచాం. ఏం చూశామో చెప్తాం.

మొదటిది, టోపో షీటు. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఏడాదంతా నీళ్లుండే వాటిని నీలం రంగులో, ఎండిపోయే వాటిని నల్ల గీతలతో చూపిస్తారు. సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్లందరికీ తెలిసిన సంగతే. మా వంక నల్ల గీతగా గుట్ట నుంచి ఏటిదాకా ఎక్కడా తెగకుండా ఉంది. పట్టాలు, పోరంబోకులు అన్న గొడవ ఆ పటం వేసినవాళ్లకు లేదు. నీళ్లు పోయిన దారి గీసుకుంటూ పోయారు.

రెండోది, తూములు. ఎగువన వంక మీదుగా తుంగభద్ర దిగువ కాలువ పోతుంది. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయింది, ఆ తర్వాత ఈ కాలువల్లో నీళ్లు వచ్చాయి. కాలువ తవ్విన ఇంజనీర్లు మా వంక దగ్గర కాలువ కింద రాతి తూము కట్టి వంక నీళ్లకు దారి వదిలారు. ఊరికే ఖర్చు పెట్టి ఎవరూ తూము కట్టరు. అక్కడ పారే నీళ్లుంటేనే కడతారు. ఆ తూము ఎన్ని అడుగులుందో కొలిస్తే ఆ రోజుల్లో ఎంత నీళ్లు వస్తాయని లెక్క వేశారో తెలుస్తుంది. ఇప్పుడు ప్లాట్ల వాళ్లు వేస్తామన్న సిమెంటు తూము ఆ రాతి తూములో మూడో వంతు కూడా లేదు. పై తూములోంచి వచ్చిన నీళ్లు కింది తూములో పట్టకపోతే ఎక్కడికి పోతాయి? కాలనీలోకే. మీ ఊళ్లో కాలువ లేకపోతే రైలు కట్ట చూడండి. మద్రాసు రైలు దారి గుంతకల్లు, ఆదోని మీదుగా 1871లోనే రాయచూరు చేరింది. ఆ కట్ట కింద ప్రతి చిన్న వంతెనకూ ఒక నంబరు రాసి ఉంటుంది. నూటయాభై ఏళ్ల కింద ఇక్కడ నీళ్లు పారేవి అనడానికి అంతకంటే గట్టి సాక్షి ఏముంటుంది?

మూడోది ఈత చెట్లు. మాది ఈతపుల్లల ఎరుకల ఇంటి పుట్టుక. బుట్టలు, గంపలు, తట్టలు అల్లేది ఈ ఈత మండలతోనే. ఈత ఎక్కడ పడితే అక్కడ పెరగదు. పైన ఎండిపోయినా అడుగున తడి ఉన్నచోట, వంక గట్లమీద, వరస కట్టి పెరుగుతుంది. మురుక్కాలువ పక్కన కంప పెరుగుతుంది, తుంగ పెరుగుతుంది. యాభై ఏళ్ల ఈత చెట్ల వరస ఉందంటే కింద యాభై ఏళ్లుగా ఊట ఉన్నట్టే. పటంలో వంక మాయమైన ఆ 140 మీటర్లలోనూ ఈతలు రెండు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఇది రాసేటప్పటికి అందులో కొన్నింటిని కొట్టేశారు. మొద్దులున్నాయి. మొద్దుల్ని ఫొటో తీసుకున్నాం.

నాలుగోది ఇసుక. మురుక్కాలువ అడుగున ఉండేది బురద. వంక అడుగున ఇసుక, గులకరాళ్లు ఉంటాయి, అవి పైనుంచి కొట్టుకొచ్చినవి. దిగువన పైపొర నల్ల బురదే. ఒక జానెడు తవ్వితే ఇసుక వచ్చింది.

ఇంత చూశాక మాకు ఎదురైన గట్టి వాదన ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే మన సీమలో, 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ పథకంలో మా వంకను ఒక ఫర్లాంగు దూరం పూడిక తీసి, గట్లు సరిచేసి, నేరుగా చేశారు. ఆ పని చేసింది మా కాలనీ వాళ్లే. మస్టర్లో పని పేరు ఏమని ఉందంటే, కాలువ పూడికతీత. ప్లాట్ల వాళ్ల తరఫు మనిషి ఆ కాగితం నకలు పట్టుకొచ్చి, "తవ్వింది మీరే, కూలి తీసుకున్నది మీరే, కాలువ అని రాసుకున్నదీ మీరే" అన్నాడు. పెద్దవ్వ అడిగిన ప్రశ్న తిరిగి మా మీదికే వచ్చింది. దీనికి జవాబు మస్టర్లోనే ఉంది. పూడిక తీయాలంటే ముందు పూడింది ఒకటి ఉండాలి. కొత్తగా తవ్వితే దాన్ని తవ్వకం అంటారు, పూడికతీత అనరు. కానీ ఒక్క మాట ఎంత దూరం పోయి మనిషి మెడకు చుట్టుకుంటుందో ఆ రోజు తెలిసింది.

ఎరుకల వాళ్లకు ఇది కొత్త కూడా కాదు. దొరల ప్రభుత్వం 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చింది, రైలు రాయచూరు చేరిన ఏడాదే అది. 1911లో కొత్త చట్టంతో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. గాడిదల మీద ఉప్పు, గింజలు మోసి ఊరూరా అమ్ముకున్న ఉప్పు ఎరుకల బతుకు రైళ్లతో, ఉప్పు పన్నులతో అప్పటికే చితికిపోయింది. ఉన్నచోట పని లేక తిరిగేవాళ్లను పుస్తకంలో పుట్టుక నేరస్తులని రాశారు. అట్లా రాశాక మా పూర్వీకులు ఠాణాలో హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. 1952లో ఆ చట్టం పోయింది. రాసిన మాట పుస్తకంలోంచి పోయినా నోళ్లలోంచి పోవడానికి ఇంకెన్నేళ్లు పట్టిందో, పడుతోందో మన పెద్దల్ని అడగండి. అందుకే పుస్తకంలో ఏం రాస్తున్నారో చూసుకోవడం మాకు అలవాటైపోయింది. మనుషుల విషయంలోనే కాదు, వంకల విషయంలోనూ.

వేరే దేశాల్లో ఈ తగువు ఎట్లా తీర్చారో కూడా చూశాం. అమెరికాలో నీళ్ల కాలుష్యాన్ని ఆపే పెద్ద చట్టం ఏ నీళ్లకు వర్తిస్తుందని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. 2006లో రపానోస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు జడ్జీలు నలుగురు ఒక కొలబద్ద పెట్టారు. ఇంచుమించు ఎప్పుడూ నిలిచి గాని పారుతూ గాని ఉండే నీళ్లకే ఆ చట్టం అన్నారు. 2023 మే నెలలో సాకెట్ కేసులో ఎక్కువమంది జడ్జీలు దాన్నే ఖాయం చేశారు. వాన పడ్డప్పుడు మాత్రమే పారేవి దాంతో బయటికి పోయాయి. అరిజోనా, న్యూ మెక్సికో లాంటి ఎండు ప్రాంతాల్లో 81 శాతం వాగులు ఏడాదంతా పారనివే అని అక్కడి పర్యావరణ సంస్థ అంతకుముందే లెక్క చెప్పింది. అక్కడివాళ్లు వాటిని అరోయో అని, వాష్ అని పిలుస్తారు. ఇసుక పడక, రెండు గట్లు, వానకు ఉరకడం, అన్నీ మన వంక లక్షణాలే. ఆ కొలబద్ద తెచ్చి మన సీమలో పెడితే ఏం మిగులుతుంది? ఏడాదంతా పారేది ఏదని చూస్తే వేళ్లమీద లెక్కబెట్టొచ్చు. తుంగభద్రలోనే వేసవిలో బండలు తేలుతాయి. తడి దేశపు కొలతతో ఎండు దేశాన్ని కొలవకూడదని మా అభిప్రాయం. మన 1882 చట్టం ఆ తప్పు చేయలేదు.

బెంగళూరులో ఇంకో రకం గొడవ జరిగింది. అక్కడ చెరువుల్ని కలిపే రాజకాలువలకు ఎంత జాగా వదలాలన్నది. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పెద్ద వాటికి 50, మధ్యరకానికి 35, చిన్నవాటికి 25 మీటర్లు అంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది, ఊరి ప్రణాళికలో ఉన్న కొలతలే చెల్లుతాయంది. మీటర్లు పెంచొచ్చు, తగ్గించొచ్చు. అసలు అది రాజకాలువ అవునా కాదా అన్నచోట పటమే ఆధారం కాబట్టి, పటంలో లేనిది ఏ మీటర్లకూ అందదు.

మన దగ్గర జరిగినవి చెప్పుకోవాలంటే కడప బుగ్గవంక ఉంది. పేరే వంక. ఎండాకాలంలో చూస్తే నగరం మధ్యలో చెత్త వేసుకునే గుంతలాగా ఉండేది. 2001లో ఆ వంక పొంగి కడప వీధులు మునిగాయి. తర్వాత గోడలు కట్టారు. 2020 నవంబరులో నివర్ తుపానుకు మళ్లీ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అనంతపురంలో నడిమి వంక, మరువ వంక ఉన్నాయి. 2022 అక్టోబరులో వాటి పక్క కాలనీలు మునిగాయి. ఈ ఊళ్లలో ఎవరూ వంకను ఒక్కరోజులో చంపలేదు. ఒకరు ఒక అడుగు, ఒకరు ఒక గోడ, ఒకరు ఒక తూము. చివరికి మునిగింది ఎక్కువగా లోతట్టు ఇళ్లవాళ్లు, అంటే పేదవాళ్లు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు మాకు ఇంకో సంగతి తెలిసింది. ఏరు ఎత్తుగా ఉంటే వంక నీళ్లు అందులోకి పోవు, ఏటి నీళ్లే వంకలోకి ఎదురెక్కుతాయి. వంకకు వెడల్పు ఉంటే ఆ నీళ్లు అక్కడ నిలబడి మెల్లగా దిగుతాయి. తూములు వేసి పైన రోడ్డు పోస్తే ఆ నీళ్లకు ఇళ్లే దిక్కు.

ఇంతవరకు చదివినవాళ్లు ఈ టీచర్లు వంక పక్షాన ఉన్నారు, కథ అయిపోయింది అనుకోవచ్చు. అయిపోలేదు. మా కాలనీలో ఇరవై ఎనిమిది ఇళ్లున్నాయి. ఇరవై ఒక్క ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన పట్టాలున్నాయి. తర్వాత పెళ్లిళ్లు అయి వేరు పడ్డ ఏడు కుటుంబాలు వంక గట్టు మీదే రేకులు వేసుకున్నాయి. వంకను వంక అని రాయించి, ఒడ్డు నుంచి 9 మీటర్లు వదలమని మేము గట్టిగా అడిగామే అనుకోండి. మొదట పోయేది ప్లాట్ల వాళ్ల గోడ కాదు, ఆ ఏడు రేకుల ఇళ్లు. ప్లాట్ల వాళ్లకు వకీలు ఉంటాడు, ఇంకొంత జాగా ఉంటుంది. మా వాళ్లకు ఆ రేకులే ఉన్నాయి.

కాలనీలో రాత్రి కూర్చున్నప్పుడు ఈ మాటే వచ్చింది. ఒక చిన్నాన్న లేచి, "సారూ, నువ్వు వంకను కాపాడతావు, నన్ను యాడ పెడతావు?" అన్నాడు. ఇంకొకాయన మురుక్కాలువ అని రాసుకోనీ, వాళ్లు తూములేసి మట్టి కప్పితే మన ఇండ్లన్నా నిలుస్తాయి అన్నాడు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "ఇండ్లు నిలుస్తాయి, నీళ్లొస్తే బిడ్డల్ని ఎత్తుకుని పరిగెత్తేది మేము" అన్నారు. ఈతలు పోతే బుట్టలకు పుల్ల యాడ తేవాలని పెద్దవ్వ అడిగింది. ప్లాస్టిక్ తట్టలొచ్చాక బుట్టలు ఎవరు కొంటున్నారని ఒక కుర్రవాడు అన్నాడు. దానికి ఆమె ఏమీ అనలేదు. గుళ్ల దగ్గర, పెళ్లిళ్ల సీజన్లో ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి, ఆ లెక్క వాడికి తెలుసు.

ఆ రాత్రి మేము చదివి వినిపించినది 2011 జనవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు, జగ్‌పాల్ సింగ్ కేసు. ఊరుమ్మడి చెరువులు, కుంటల భూముల్లోంచి ఆక్రమణల్ని తీసేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పిన తీర్పు అది. వంకను కాపాడాలనేవాళ్లందరూ దాన్నే చూపిస్తారు. కానీ అందులోనే ఇంకో వాక్యం ఉంది. దాన్ని చూపించేవాళ్లు తక్కువ. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం ఉత్తర్వు ప్రకారం ఇచ్చిన చోట, బడి, ఆసుపత్రి లాంటివి అప్పటికే ఉన్నచోట క్రమబద్ధీకరణకు ఆలోచించవచ్చని చెప్పింది. పట్టాలున్న ఇరవై ఒక్క ఇళ్లకు ఇది గొడుగు. ఏడు ఇళ్లకు కాదు. తీర్పును మొత్తం చదివితే ఎవరికి ఏది అందుతుందో, ఎవరికి అందదో తెలుస్తుంది. సగం చదివితే మన చేతుల్తోనే మనవాళ్లను లేపించినవాళ్లమవుతాం.

మూడు రాత్రులు మాట్లాడుకున్నాక అర్జీ ఒకటి తయారైంది. పటంలో తెగిపోయిన 140 మీటర్ల వంకను సర్వే చేసి కలపాలి. దాన్ని వంక పోరంబోకుగా రాయాలి. ఊరి మురుగును వంకలోకి వదలకుండా వేరే కాలువ తీయాలి. ఏడు కుటుంబాలకు ఎత్తు నేలలో, ఇదే ఊళ్లో, ఇంటి స్థలాలు ఇచ్చాకే గట్టు రాళ్లు నాటాలి. మురుగు సంగతి కలపడం మా ఆడవాళ్ల ఆలోచన. మురుగు పోతే ఇంక దాన్ని మురుక్కాలువ అనడానికి ఎవరికీ వంక దొరకదు అని వాళ్లే అన్నారు. 2002లో వచ్చిన వాల్టా చట్టంలో చెరువులు, కుంటలతో పాటు నాలాల్ని కూడా, అంటే నీళ్లు పారే, దిగే దారుల్ని కూడా, కాపాడాల్సినవిగా ప్రకటించే వీలుంది. ఆ మాట కూడా రాశాం. సోమవారం అర్జీలు తీసుకునే రోజు ఇచ్చాం.

ఇక్కడ తోటి టీచర్లకు ఒక మాట. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు పెట్టి కొలుస్తున్నారు, పాత సర్వే నంబర్ల చోట కొత్త ల్యాండ్ పార్సిల్ నంబర్లు వస్తున్నాయి. వందేళ్ల కింద తెగిపోయిన గీతల్ని కలపడానికి ఇది మంచి అదను. ఉన్న గీతలు మాయం కావడానికీ అంతే మంచి అదను. ఎండాకాలంలో పైనుంచి ఫొటో తీస్తే దున్నిన వంక పొలంలాగే కనిపిస్తుంది. సర్వే మీ ఊరికి వచ్చిన రోజు వంక దగ్గర నిలబడి చూపించే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి బడి నుంచి వస్తే ఇంకా మంచిది.

మా దగ్గరికి సర్వేయరు మే నెలలో వచ్చాడు. ఓపికగా విన్నాడు, వంక పొడుగునా నడిచాడు, ఆ గుణం మెచ్చుకోవాలి. తగువు చివరికి వెడల్పు దగ్గర ఆగింది. ప్లాట్ల వాళ్లు అడుగున పారిన గుర్తు కొలవాలన్నారు. అట్లయితే 8 మీటర్ల చిల్లర. మేము ఒడ్డు నుంచి ఒడ్డుకు కొలవాలన్నాం. అట్లయితే 12 మీటర్లు. నీళ్లు నిండుగా పోయినప్పుడు ఎంతదాకా వస్తాయో అదే దాని వెడల్పు, సగం ఆకలితో ఉన్నవాణ్ణి చూసి వీడి తిండి ఇంతే అనకూడదు కదా అని మా కాలనీ పెద్దాయన అన్నాడు. సర్వేయరు నవ్వి, రెండు కొలతలూ పంచనామాలో రాసుకున్నాడు. మా పిల్లలు రాసిన నోటుపుస్తకం కూడా చూశాడు. ఏ తేదీన వాన పడింది, వంక ఎన్ని గంటలకు పారింది, రోడ్డు తూము రాయి మీద ఎన్ని జానల ఎత్తు వచ్చింది, అన్నీ రెండేళ్లుగా రాస్తున్నారు. ఆ పేజీలకు నకళ్లు తీయించి ఫైలులో పెట్టుకున్నాడు.

ఫైలు పైకి పోయింది. ఇంటి స్థలాలకు ఏడు కుటుంబాల పేర్లు రాసుకుని పోయారు. ఎత్తు నేలలో జాగా కూడా చూపించారు, కొలవలేదు. ఏడింటిలో ఐదు కుటుంబాలు సరే అన్నాయి. మిగతా రెండు, పట్టా చేతికి వచ్చి, కొత్త చోట బోరు పడి, కరెంటు స్తంభం నిలబడ్డాకే గట్టు రాయి నాటనిస్తాం అన్నాయి. ఆ మాట కాగితం మీద రాయించి, వాళ్ల వేలిముద్రల పక్కన మేమూ సంతకాలు పెట్టాం.